మోడల్ పక్కన పెట్టి లాగ్ బుక్ చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

జిల్లా స్థాయి బాలల సైన్స్ పోటీల కాలం మళ్లీ వస్తోంది. నేను అనంతపురం జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్తాను. చాలా ఏళ్లుగా పిల్లల జట్లకు గైడ్ టీచర్‌గా ఉన్నాను, పక్క జిల్లాల్లో జడ్జీగా కూడా కూర్చున్నాను. బల్లకు రెండు వైపులా ఉండి చూశాను కాబట్టి ఒక్క విషయం గట్టిగా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. బల్ల మీద పెట్టిన మోడల్ చూసి మార్కులు వేస్తున్నంత కాలం పిల్లలు మోడళ్లే చేస్తారు, పరిశోధన చేయరు. వాళ్లు రోజూ రాసుకున్న లాగ్ బుక్ ముందు పెట్టించి, అది చదివి, దాని మీద ప్రశ్నలు అడిగి మార్కులు వేయడం మొదలుపెడితే చాలు. దీనికి కొత్త పథకం అక్కర్లేదు, అదనంగా డబ్బు కూడా అక్కర్లేదు.

సైన్స్ పోటీలంటే అన్నీ ఒకటే అని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. అందుకే చిన్న వివరణ. ఇన్‌స్పైర్ మానక్‌లో ఒక విద్యార్థి ఒక ఆలోచన పంపిస్తాడు, ఎంపికైతే 10,000 రూపాయలు వస్తాయి, దాంతో నమూనా తయారుచేస్తాడు. అక్కడ మోడల్ ఉండాల్సిందే, అది ఆవిష్కరణల పోటీ. జన విజ్ఞాన వేదిక వాళ్ల చెకుముకి సంబరాల్లో ముగ్గురు పిల్లలు కలిసి ఒక జట్టు, అక్కడ చూసేది పిల్లలకు సైన్స్ ఎంత అర్థమైందన్నది. జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ ఈ రెంటికీ వేరు. 1993 నుంచి కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ ఆధ్వర్యంలో జరుగుతోంది, 10 నుంచి 17 ఏళ్ల పిల్లలు ఎవరైనా చేరవచ్చు, బడి మానేసిన పిల్లలకు కూడా తలుపు తెరిచే ఉంచారు. దాని ఉద్దేశం ఒక్కటే. పిల్లలు జట్టుగా ఏర్పడి, తమ ఊళ్లో తమకు కనపడే ఒక సమస్య మీద ఒక ప్రశ్న వేసుకుని, తామే తిరిగి, తామే కొలిచి, జవాబు వెతకాలి. అంత మంచి ఆలోచన మన దేశంలో బడి పిల్లల కోసం ఇంకొకటి లేదని నా నమ్మకం. అలాంటి దాన్ని కూడా మనం జిల్లాకు వచ్చేసరికి థర్మాకోల్ ఎగ్జిబిషన్ చేసేస్తున్నాం, అదే నా బాధ.

ఒక జట్టు సంగతి వివరంగా చెప్తాను, ఎందుకంటే పరిశోధన అంటే ఏమిటో అది చెప్పినంత బాగా నేను వేరేగా చెప్పలేను.

2014, 2015 సంవత్సరాలకు సైన్స్ కాంగ్రెస్‌లో ప్రధానాంశం వాతావరణం, శీతోష్ణస్థితి. 2015లో మా బడి తొమ్మిదో తరగతి పిల్లలు ఐదుగురు ఒక ప్రశ్నతో వచ్చారు. మా జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, అందులోనే వేరుశనగ పండాలి. అప్పట్లో వేరుశనగకు వాతావరణ ఆధారిత బీమా ఉండేది, మండల కేంద్రంలో వర్షమాపకం ఎంత చూపిస్తే మండలం మొత్తం అంత వాన పడినట్టే లెక్క. "ఆడ పడింది, మా చేన్లో చినుకు లేదు" అనే మాట ఆ పిల్లల ఇళ్లల్లో రోజూ వినపడేది. వాళ్లడిగింది ఇదే: "టీచర్, మా ఊర్లన్నిట్లో వాన ఒకే మాదిరి పడుతుందా లేదా మనమే కొలిచి చూద్దామా?"

రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు తెచ్చారు. మెడ కింద కోసి, కోసిన ముక్కను తలకిందులుగా గరాటులాగా పెట్టారు. సీసా అడుగు గుంతలు గుంతలుగా ఉంటుంది కాబట్టి అక్కడ సిమెంటు పోసి చదును చేశారు. కాగితం స్కేలు అంటిస్తే మొదటి వానకే ఊడిపోయింది, తర్వాత పైన పారదర్శకమైన టేపు చుట్టారు. ఒకటి బడి ఆవరణలో, మిగతావి చుట్టుపక్కల పల్లెల్లో, ఒకటి తండాలో పెట్టారు. వాతావరణ శాఖ ఉదయం 8.30 గంటలకు వాన లెక్క తీస్తుందని పుస్తకంలో చదివి, తామూ అదే సమయానికి చూడాలని నిర్ణయించుకున్నారు, బడికి బయల్దేరే వేళ కాబట్టి అది వాళ్లకూ కుదిరింది.

మొదటి పెద్ద వానకు ఒక పల్లెలో కొలత మిగతావాటికి మూడింతలు వచ్చింది. పిల్లలు ఎగిరి గంతేశారు, ఇదిగో తేడా దొరికిందని. అందులో ఒక అమ్మాయి మాత్రం సాయంత్రం ఆ పల్లెకు వెళ్లి చూసి వచ్చింది. సీసా ఇంటి చూరు కింద ఉంది. చూరు నీళ్లు అందులో పడ్డాయి. ఆ అంకెను వాళ్లు లాగ్ బుక్‌లోంచి చెరపలేదు, పక్కన "చూరు నీళ్లు, లెక్కలోకి తీసుకోకూడదు" అని రాసి, సీసాను ఆరుబయటకు మార్చారు. చెట్టు, గోడ ఎంత ఎత్తుంటే అంతకు రెట్టింపు దూరంలో పెట్టాలని అప్పుడు తెలుసుకున్నారు. పాఠం చెప్పి ఉంటే మర్చిపోయేవాళ్లు.

ఇంకో రోజు వాళ్లలో ఒకడికి అనుమానం వచ్చింది, స్కేలును కంటికి సమంగా పెట్టి చూస్తే ఒక అంకె, పైనుంచి చూస్తే ఇంకో అంకె వస్తోంది కదా అని. పీహెచ్‌సీ నుంచి సూది లేని సిరంజి ఒకటి అడిగి తెచ్చుకున్నారు. సీసా అడ్డకొలత 10 సెంటీమీటర్లు, అంటే వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు, అంటే ఒక మిల్లీమీటరు వానకు సీసాలో 7.85 మిల్లీలీటర్ల నీళ్లు చేరాలి. నీళ్లన్నీ సిరంజితో తోడి, వచ్చినదాన్ని 7.85తో భాగిస్తే వాన ఎంతో కచ్చితంగా వస్తుంది. వృత్త వైశాల్యం సూత్రం ఆ పిల్లలు అంతకు ముందు పరీక్షల కోసం బట్టీ పట్టారు. ఆ రోజు అది వాళ్లకు పనికొచ్చింది. లెక్కల మాస్టారు స్టాఫ్ రూంలో ఈ సంగతి విని వాళ్లను తన తరగతికి పిలిపించుకుని అందరికీ చెప్పించారు.

జూలై నుంచి అక్టోబరు వరకు కొలిచారు. తహసీల్దారు ఆఫీసుకు వెళ్లి మండల వర్షమాపకం రిజిస్టరు అడిగి అంకెలు రాసుకొచ్చారు, అక్కడి ఉద్యోగి ఒకాయన వర్షమాపకాన్ని మూత తీసి చూపించి కొలపాత్రలో ఎలా పోస్తారో కూడా నేర్పించారు. చివరికి వాళ్లకు తేలింది ఏమిటంటే, రోజు రోజుకూ చూస్తే పల్లెకూ పల్లెకూ తేడా చాలా ఎక్కువ, ఒకచోట కుండపోతగా కురిసిన రోజున రెండు కిలోమీటర్ల అవతల నేల తడవని సందర్భాలున్నాయి. నెల మొత్తం కూడి చూస్తే మాత్రం తేడా బాగా తగ్గిపోతోంది. అంటే ఆఫీసు లెక్కా తప్పు కాదు, రైతు మాటా తప్పు కాదు. కానీ వేరుశనగకు ఊడలు దిగే వారంలో తప్పిపోయిన ఒక్క వాన నెల మొత్తం లెక్కలో కనపడదు, పంటలో కనపడుతుంది. ఈ చివరి వాక్యం నాది కాదు, రిపోర్టులో ఆ పిల్లలు రాసిందే, వాళ్ల నాన్నల దగ్గర కూర్చుని మాట్లాడి రాసుకున్నది. పద్నాలుగేళ్ల పిల్లలు!

ఇక జిల్లా పోటీ. లాగ్ బుక్‌లో కొన్ని రోజులకు అంకె లేదు. ఒకచోట "మేక తోసేసింది, కొలత లేదు" అని ఉంది. ఒకచోట "జ్వరం, చూడలేదు" అని ఉంది. జడ్జీ గారు ఆ పేజీ తిప్పి, "ఇన్ని ఖాళీలుంటే ఇదేం డేటా అమ్మా? పక్క జట్టును చూడండి, ఒక్క రోజు కూడా వదల్లేదు" అన్నారు. పక్క జట్టు పట్టికలో నిజంగానే ఖాళీ లేదు. అందులో అంకెలన్నీ 5తోనో సున్నాతోనో ముగుస్తున్నాయి. నాలుగు నెలల పాటు రోజూ అలా ముగిసే వాన ఎక్కడా ఉండదు. ఆ జట్టు ముందు పెద్ద మోడల్ ఉంది, బల్బులు వెలుగుతున్నాయి, మోటారుతో నీళ్లు తిరుగుతున్నాయి. వాళ్లు ఎంపికయ్యారు. మా పిల్లలు కాలేదు.

ఆ పక్క జట్టు పిల్లలను నేను తప్పుపట్టను. వాళ్లను అలా తయారుచేసింది మనమే. ఏం చూసి మార్కులు వేస్తామో పిల్లలు అదే తయారుచేసి తెస్తారు. "మేక తోసేసింది" అని రాయడానికి ఎంత నిజాయితీ కావాలో ఆలోచించండి. ఆ గడిలో పక్క పల్లె అంకెకు దగ్గరగా ఏదో ఒకటి వేసేస్తే ఎవరికీ తెలిసేది కాదు. సైన్స్‌లో మొట్టమొదట నేర్పించాల్సింది ఆ నిజాయితీ, మనం దానికే మార్కులు కోసేశాం. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మా పిల్లాడొకడు "టీచర్, ఖాళీలు నింపేసి ఉంటే సెలెక్ట్ అయ్యేవాళ్లమేమో" అన్నాడు. నాకు ఆ రోజు ఓడిపోయినందుకు బాధ కలగలేదు, ఆ మాటకు కలిగింది.

ఇప్పుడు నిర్వహణ సంగతికి వస్తాను.

అన్నిటికంటే ముందు సమయం. మన బడులు జూన్ 12న తెరుస్తారు. పోటీ గురించిన ఉత్తర్వు చాలా చోట్ల బడికి చేరేది పోటీకి వారం పది రోజుల ముందు. పది రోజుల్లో ఏ పిల్లాడూ దేన్నీ పరిశోధించలేడు. చార్టు గీయగలడు, మోడల్ అతికించగలడు, అంతే. పైగా మన దగ్గర కొలవదగ్గ విషయాలన్నీ కాలంతో ముడిపడి ఉన్నవే: వానలు, బావుల్లో నీటి మట్టం, దోమలు, పంట తెగుళ్లు, బడి నీళ్ల ట్యాంకు. జూన్ నుంచి అక్టోబరు వరకు చూస్తేనే వాటిలో ఏదైనా మార్పు కనపడుతుంది. సైన్స్ కాంగ్రెస్ ప్రధానాంశాన్ని రెండేళ్లకు కలిపి ఇస్తారు, కాబట్టి రెండో ఏడాదికైనా ముందుగానే మొదలుపెట్టుకోవచ్చు. కాబట్టి జిల్లా సైన్స్ అధికారులకు నా మనవి: బడులు తెరిచిన మొదటి నెలలోనే జట్ల పేర్లు, వాళ్ల ప్రశ్న ఒక కాగితం మీద తీసుకోండి. ప్రశ్న మాత్రమే చాలు. ఆగస్టులో ఒకసారి లాగ్ బుక్ ఫొటోలు రెండు పేజీలు అడగండి. ఇంత చేస్తే చివరి వారంలో దుకాణంలో కొనుక్కొచ్చే ప్రాజెక్టులు వాటంతట అవే ఆగిపోతాయి.

ప్రశ్న ఎలా ఉండాలన్నది కూడా టీచర్లకు ఎవరూ సరిగ్గా చెప్పడం లేదు. "నీటి కాలుష్యం, నివారణ మార్గాలు" అనేది ప్రశ్న కాదు, వ్యాసం పేరు. "మా ఊరి ట్యాంకు దగ్గరి కుళాయిలోనూ, చివరి వీధి కుళాయిలోనూ క్లోరిన్ ఒకేలా ఉందా?" అనేది ప్రశ్న. దీనికి జవాబు పిల్లలు కనుక్కోగలరు. జల్ జీవన్ మిషన్ కింద పంచాయతీలకు నీటి పరీక్ష కిట్లు ఇచ్చారు, ఊళ్లో ఆడవాళ్లకు వాటితో పరీక్ష చేయడం నేర్పించారు. చాలా చోట్ల ఆ కిట్టు బీరువాలో ఉంది. పిల్లలు అడిగి తీసుకుంటే బడికి ఖర్చు లేదు, కిట్టుకూ పని దొరుకుతుంది. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని మన తాగునీటి ప్రమాణం చెప్తోంది. అంత ఉందా లేదా, ఏ వీధిలో లేదు, ఏ రోజు లేదు, ట్యాంకులో మందు కలిపిన రోజుకూ మర్నాటికీ తేడా ఎంత? ఇవి నాలుగు వారాల్లో తేలిపోయే విషయాలు. నల్లగొండలోనో ప్రకాశం జిల్లా పశ్చిమ ప్రాంతంలోనో అయితే ఫ్లోరైడ్ గురించి, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం ఉద్దానంలో అయితే తాగునీటి గురించి పిల్లల దగ్గర ఇప్పటికే బోలెడు ప్రశ్నలుంటాయి. వాళ్లను అడగాలి, అడిగి కాస్త ఓపిక పట్టాలి, మొదట వచ్చేవి గూగుల్ ప్రశ్నలే, రెండో వారానికి సొంత ప్రశ్నలు వస్తాయి.

జట్టు సంగతి. వాన కొలిచిన రోజుల్లో జట్టులో ఐదుగురు వరకు ఉండేవాళ్లు. తర్వాత ఇద్దరికి కుదించారు. నిర్వహణ తేలికవుతుందని, రవాణా ఖర్చు తగ్గుతుందని కారణాలు ఉండొచ్చు, నేను కాదనను. కానీ ఇద్దరితో ఊరి నాలుగు మూలలా కొలవడం కష్టం. ఐదుగురున్నప్పుడు ఒక్కొక్కరికీ ఒక బలం ఉండేది, ఒకడు ఆఫీసుకు వెళ్లి బెరుకు లేకుండా మాట్లాడగలడు, ఒక అమ్మాయికి లెక్కలు పట్టు, ఇంకొకడు క్లాసులో వెనక బెంచీ అయినా సీసా కోసి అతికించడంలో వాడి చేయి గొప్పది. మార్కుల్లో ఎప్పుడూ పైకి రాని పిల్లలకు బడిలో గౌరవం దొరికే చోటు ఇదొక్కటే. రాష్ట్ర స్థాయిలో నిబంధన మార్చలేకపోతే, మండల, జిల్లా స్థాయిల్లోనైనా నలుగురైదుగురిని అనుమతించండి, సర్టిఫికెట్ మీద అందరి పేర్లూ రాయండి.

ఇందులోనే ఇంకో మాట. పై స్థాయికి వెళ్లేటప్పుడు బృంద నాయకుడు ఒక్కడే వెళ్లడం, వేదిక ఎక్కి మాట్లాడడం అలవాటైపోయింది. నేను జడ్జీగా కూర్చున్న చోట్ల చూశాను, చాలా జట్లలో చక్కటి చేతిరాతతో లాగ్ బుక్ రాసింది అమ్మాయి, చార్టులకు రంగులు వేసింది అమ్మాయి, మైకు పట్టుకున్నది అబ్బాయి. ఆ అమ్మాయిని ఒక్క ప్రశ్న అడిగితే అసలు పని ఎవరు చేశారో అర నిమిషంలో తెలిసిపోతుంది. అందుకే జట్టులో ప్రతి ఒక్కరినీ కనీసం ఒక ప్రశ్న అడగాలి అన్నది రాతపూర్వక నియమం చేయాలి. గైడ్ టీచర్ ఆ సమయంలో గది బయట ఉండాలి. టీచర్లం పక్కన నిలబడి కళ్లతో సైగలు చేస్తుంటే పిల్లలు మన ముఖం చూసి జవాబు చెప్తారు.

జడ్జీల మీద నాకు కోపం లేదు. ఒక్కొక్కరికి పొద్దున్నుంచి సాయంత్రం దాకా పదుల కొద్దీ ప్రాజెక్టులు, ఒక్కోదానికి ఎనిమిది పది నిమిషాలు, హాలంతా గోల, మధ్యలో అతిథుల ప్రసంగాలు. ఆ పది నిమిషాల్లో కంటికి కనపడేది మోడలే. లాగ్ బుక్ తెరిచే తీరిక ఉండదు. దీనికి విరుగుడు కష్టమేమీ కాదు. రిపోర్టూ లాగ్ బుక్కూ రెండు రోజుల ముందే తీసుకుని జడ్జీలకు పంపండి. ఒక్కో జడ్జీకి తక్కువ ప్రాజెక్టులు ఇవ్వండి, అందుకు ఎక్కువ మంది జడ్జీలు కావాలి, డిగ్రీ కాలేజీల్లో, వ్యవసాయ పరిశోధన కేంద్రాల్లో, కృషి విజ్ఞాన కేంద్రాల్లో మన జిల్లాల్లోనే వాళ్లున్నారు, పిలిస్తే వస్తారు. ప్రారంభ సభ అరగంటలో ముగించండి. జడ్జీలు అడగాల్సిన ప్రశ్నలు కూడా ముందే అనుకోవచ్చు. ఈ అంకె ఎలా వచ్చింది? ఇదే పని ఇంకోసారి చేస్తే ఏం మారుస్తావు? నువ్వు అనుకున్నదానికి వ్యతిరేకంగా వచ్చింది ఏదైనా ఉందా? పని చేసిన పిల్లాడు వీటికి తడుముకోకుండా చెప్తాడు, ఇంకా చెప్తూనే ఉంటాడు, మనమే ఆపాలి. చేయని పిల్లాడు ముఖం దించుకుంటాడు.

పిల్లలు పిల్లలను ప్రశ్నించే పద్ధతి కూడా తేవాలని నా కోరిక. అంతర్జాతీయ యువ భౌతికశాస్త్రవేత్తల టోర్నమెంటు అని ఒకటి 1988 నుంచి జరుగుతోంది. అందులో జట్టుకు ఐదుగురు, 17 సమస్యలు చాలా నెలల ముందే ఇచ్చేస్తారు. పోటీ రోజు ఒక జట్టు తన పని వివరిస్తుంది, రెండో జట్టు దాన్ని ప్రశ్నిస్తుంది, మూడో జట్టు ఇద్దరి వాదననూ సమీక్షిస్తుంది. అడిగిన ప్రశ్న ఎంత బాగుందో దానికీ మార్కులుంటాయి. మన దగ్గర అంత పెద్ద ఏర్పాటు అక్కర్లేదు. మధ్యాహ్నం భోజనాల తర్వాత జట్లను మూడేసి చొప్పున కూర్చోబెట్టి ఒకరి లాగ్ బుక్ ఒకరికి ఇచ్చి ప్రశ్నలు అడగమంటే చాలు. మా బడిలో పోటీకి పంపే ముందు ఇలా చేస్తున్నాం. ఎనిమిదో తరగతి పిల్లలు "అన్నా, మీరు ఆదివారం కూడా చూశారా?" అని అడిగే ప్రశ్నకు తట్టుకున్న ప్రాజెక్టు ఏ జడ్జీ ముందైనా నిలబడుతుంది.

ఈ రెండు మూడేళ్లలో కొత్త సమస్య ఒకటి వచ్చింది. రిపోర్టులు చాట్‌జీపీటీతో రాయిస్తున్నారు. పిల్లలూ రాయిస్తున్నారు, టీచర్లూ రాయిస్తున్నారు. ముప్పై పేజీలు, నున్నటి భాష, ఆ పిల్లాడి ఊరి పేరు ఒక్కసారి కూడా కనపడదు. దీన్ని నిషేధించడం వల్ల ఉపయోగం లేదు, పట్టుకోవడం మన వల్ల కాదు. చేత్తో రాసిన, తేదీలున్న, కొట్టివేతలున్న, వాన నీళ్ల మరకలున్న లాగ్ బుక్‌కే ఎక్కువ మార్కులని ముందే ప్రకటిస్తే ఆ ముప్పై పేజీలకు విలువే ఉండదు. రిపోర్టు నాలుగు పేజీలకు మించకూడదని కూడా పెట్టండి.

భాష సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరం పూర్తికాదు. సైన్స్ కాంగ్రెస్‌లో పిల్లలు రాజ్యాంగం గుర్తించిన ఏ భారతీయ భాషలోనైనా తమ పని వివరించవచ్చు. నిబంధన అంత స్పష్టంగా ఉన్నా, జిల్లాలో తెలుగులో చెప్పే పిల్లల్ని కాస్త తక్కువగా చూడడం, ఇంగ్లిష్‌లో అప్పజెప్పినవాడికి చప్పట్లు కొట్టడం జరుగుతూనే ఉంది. ఫలితంగా టీచర్లం పిల్లలకు ఇంగ్లిష్‌లో రెండు పేజీలు బట్టీ పట్టించి పంపుతున్నాం. మధ్యలో ఒక్క ప్రశ్న అడిగితే ఆ పిల్లాడు మళ్లీ మొదటి వాక్యం నుంచి మొదలుపెడతాడు. అదే పిల్లాడిని "తెలుగులో చెప్పు నాన్నా" అంటే చెట్టు కింద సీసా ఎందుకు పెట్టకూడదో చేతులు తిప్పుతూ చెప్పేస్తాడు. జడ్జీలు మొదటి మాటగా "నీకు ఏ భాష తేలికో అందులో చెప్పు" అనాలి. తండా పిల్లలు లంబాడీ కలిపి మాట్లాడినా వినాలి.

తల్లిదండ్రులు, కొందరు హెడ్‌మాస్టర్లు కూడా ఒక ప్రశ్న అడుగుతుంటారు, పదో తరగతి ముందు పెట్టుకుని ఇవన్నీ ఎందుకు, సిలబస్ ఏమవుతుందని. ఆ టెన్షన్ నాకు తెలుసు, నా మీదా అదే ఒత్తిడి ఉంటుంది. కానీ ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్టు పనులకు మార్కులు ఎలాగూ ఉన్నాయి. ఇప్పుడు ఆ ప్రాజెక్టు పని అంటే ఒకరి నోట్సు చూసి ముప్పై మంది రాయడం. అదే చోట ఈ పరిశోధననే పెట్టుకోవచ్చు, క్లాసు మొత్తం ఐదేసి మంది జట్లుగా చేస్తే పోటీకి వెళ్లేది ఒక జట్టయినా నేర్చుకునేది అందరూ. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో మొదలుపెడితే పదికి ఏ ఇబ్బందీ లేదు.

ఇంకా ఒకటి. పోటీ అయిపోయాక ఆ లాగ్ బుక్‌లు ఏమవుతున్నాయి? బడి బీరువాలో పడి ఉంటున్నాయి. మా పిల్లల వాన లెక్కను మేం గ్రామసభలో చదివించాం. మొదట నవ్వినవాళ్లు తమ ఊరి పేరు రాగానే దగ్గరికి వచ్చి కూర్చున్నారు. ఒక తాత మట్టి ఎంత లోతు తడిసిందో చూసి వాన ఎంతో చెప్పే తన పద్ధతి చెప్పాడు, మరుసటి వానకు పిల్లలు ఆయన వెంట చేలోకి వెళ్లి గడ్డపారతో తవ్వి, తడి లోతూ సీసా లెక్కా పక్కపక్కన రాసుకున్నారు. పోటీ ముగిసి, ఓడిపోయి వచ్చాక కూడా! కాబట్టి ప్రతి జట్టూ తన ఫలితాన్ని ఊళ్లో చెప్పాలి అనే నియమం పెట్టండి, చెప్పినట్టు పంచాయతీ నుంచి ఒక కాగితం తెచ్చుకుంటే దానికి కొన్ని మార్కులు ఇవ్వండి.

ఎంపిక కాని జట్లకు కూడా ఒక చీటీ ఇవ్వాలి. ఇందులో ఏది బాగుంది, ఏది ఇంకా కొలవాలి అని జడ్జీ రాసిన రెండు వాక్యాలు. ప్రస్తుతం వాళ్లకు దక్కుతున్నది పాల్గొన్నట్టు సర్టిఫికెట్, ఒక భోజనం ప్యాకెట్. పిల్లలు నెలల తరబడి చేసిన పనికి ఎవరో ఒకరు చదివి జవాబు రాశారన్న నమ్మకం ఉంటే మరుసటి ఏడాది మళ్లీ వస్తారు.

సంపాదకుల వారికి చివరగా ఒక విన్నపం. ఈసారి పోటీల వార్త వేసేటప్పుడు బహుమతి అందిస్తున్న అధికారుల ఫొటోతో పాటు, గెలిచిన ప్రతి జట్టు వేసుకున్న ప్రశ్న ఏమిటో, వాళ్లకు దొరికిన జవాబు ఏమిటో రెండేసి వాక్యాలు వేయండి. మీ విలేకరి ఆ రెండు వాక్యాల కోసం పిల్లల్ని అడిగితే చాలు, నిర్వాహకులు కూడా వచ్చే ఏడాది నుంచి ప్రశ్న ఉన్న జట్లనే ముందుకు తెస్తారు. జిల్లా విద్యాశాఖ వాళ్లు ఈ ఉత్తరం చదివితే, పైన చెప్పిన వాటిలో మిగతావన్నీ తర్వాత చూసుకున్నా, ఈసారి సైన్స్ కాంగ్రెస్ మార్కుల పట్టికలో మోడల్ కాలమ్ తీసేసి ఆ మార్కులు లాగ్ బుక్ కాలమ్‌కు కలపమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని,
అనంతపురం జిల్లా